గడప తొక్కిన కౌన్సెలింగ్

రిచర్డ్ క్లార్క్ క్యాబట్ బోస్టన్‌లో పేరున్న డాక్టరు. రోగి బతికుండగా డాక్టర్లు రాసిన రోగనిర్ధారణను, చనిపోయాక పోస్టుమార్టంలో తేలిన సంగతితో పక్కపక్కన పెట్టి చూడటం ఆయన పట్టుదల. 1912లో అలా మూడు వేల పోస్టుమార్టంల లెక్క బయటపెట్టారు. పెద్ద పెద్ద వైద్యులు ధీమాగా పేరు చెప్పిన జబ్బులు కూడా ఎన్నో సందర్భాల్లో తప్పని తేలింది. తోటి డాక్టర్లకు అది మింగుడుపడలేదు. క్యాబట్‌కు మాత్రం ఒక విషయం మనసులో నాటుకుపోయింది. మేలు చేశామని మనకు అనిపించడం వేరు, అవతలివాడికి మేలు జరగడం వేరు. రెండోది తెలియాలంటే పోల్చి చూడాల్సిందే.

మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1905లోనే రోగుల ఇంటి పరిస్థితులు కనుక్కోవడానికి ఒక సామాజిక కార్యకర్తను నియమించిన మనిషి ఆయన. డాక్టరు చీటీ రాసిస్తే సరిపోదు, ఆ చీటీ చేరే ఇల్లు ఎలా ఉందో తెలియాలి అనేవారు. ఈ కథలో ఆ మాట మళ్ళీ మొలకెత్తడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది.

1930ల్లో ఆయన దృష్టి దారి తప్పుతున్న కుర్రాళ్ళ మీదికి మళ్ళింది. బోస్టన్‌ను ఆనుకుని ఉన్న కేంబ్రిడ్జ్, సోమర్విల్ ఊళ్ళలో కూలినాలి కుటుంబాలు ఎక్కువ. అక్కడి పదేళ్ళ వయసు పిల్లల్లో కొందరు అప్పటికే బడి ఎగ్గొడుతున్నారు, కొందరు చిల్లర దొంగతనాలకు అలవాటుపడ్డారు. వాళ్ళను పోలీసులు పట్టుకునేదాకా ఆగకుండా ఇప్పుడే ఒక పెద్దమనిషి స్నేహితుడిలా అండగా నిలిస్తే? చదువు చెప్పించి, జబ్బు చేస్తే డాక్టరుకు చూపించి, ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడి, ఎండాకాలంలో క్యాంపులకు పంపిస్తే? ఇంతవరకు ఏ దయగల మనిషికైనా తట్టే ఆలోచనే. క్యాబట్ అక్కడ ఆగలేదు. 506 మంది పిల్లలను ఎంచుకుని వయసు, కుటుంబం, స్వభావం, ఉండే పేట అన్నీ సరిపోల్చి ఇద్దరిద్దరిని జతలు కట్టించారు. ప్రతి జతలో ఒకరికి సాయం, మరొకరికి ఏమీ లేదు. ఎవరికన్నది నాణెం ఎగరేసి తేల్చారు.

చేతిలో సాయం ఉండి కూడా సగం మంది పిల్లలకు ఇవ్వకపోవడం కఠినంగానే కనిపిస్తుంది. కానీ ఆ నాణెమే లేకపోతే ఈ కథలో అసలు నిజం ఎప్పటికీ బయటపడేది కాదు. 1939లో పని మొదలవుతున్న రోజుల్లోనే క్యాబట్ కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు. కౌన్సెలర్లు సగటున నెలకు రెండుసార్లు పిల్లలను కలిసేవారు. ఒక్కొక్క పిల్లవాడికి సగటున ఐదేళ్ళ పాటు ఆ అండ దొరికింది. 1945లో కార్యక్రమం ముగిసింది. కోర్టు రికార్డులు తిరగేస్తే సాయం అందినవారికీ అందనివారికీ తేడా లేదు. పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు కదా, ఫలితం పెద్దయ్యాక కనిపిస్తుందేమోనని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ పెద్దయ్యాక ఏమైందో చూసే ఓపిక ఒక మహిళకు ఉంది. ఆమె జోన్ మెకార్డ్. 1950ల్లోనే భర్త విలియంతో కలిసి ఆ పాత కాగితాల మీద పనిచేసిన పరిశోధకురాలు. 1970ల మధ్యలో మళ్ళీ ఆ ఫైళ్ళు తెరిచి, అప్పటికి నడివయసుకు వచ్చిన ఆ కుర్రాళ్ళను ఒక్కొక్కరినే వెతకడం మొదలుపెట్టారు. కోర్టు రికార్డులు, మానసిక ఆసుపత్రుల రిజిస్టర్లు, మరణ ధ్రువీకరణ పత్రాలు అన్నీ జల్లెడ పట్టారు. దొరికినవారికి ఉత్తరాలు రాశారు. జవాబిచ్చినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకెంతో మేలు చేసిందని రాశారు. కౌన్సెలర్లను పేరుపెట్టి తలచుకున్నవాళ్ళూ ఉన్నారు.

అంకెలు మాత్రం వేరే కథ చెప్పాయి. 1978లో మెకార్డ్ ప్రచురించిన ఫలితాలు చదివి ఆ రంగమంతా నిశ్చేష్టమైంది. సాయం అందినవాళ్ళలోనే రెండోసారి నేరం చేసినవారు ఎక్కువ. తాగుడుకు బానిసలైనవారు, తీవ్రమైన మానసిక వ్యాధుల పాలైనవారు, చిన్న వయసులో పోయినవారు, అందరూ ఆ వైపే ఎక్కువ. నాణెం బొరుసు పడి ఏ సాయమూ అందని జత పిల్లలే కాస్త మెరుగ్గా బతికారు.

నమ్మబుద్ధి కాని మాట. మెకార్డే ఏళ్ళ తరబడి దాని వెంటపడ్డారు. చివరికి ఒక ఆచూకీ దొరికింది. నష్టం ఎక్కువగా కనిపించింది ఒకటికి మించి ఎండాకాలపు క్యాంపులకు వెళ్ళినవాళ్ళలో. అంటే దయతో, మంచి గాలి పీల్చాలని పంపిన చోట దారి తప్పుతున్న పిల్లలు ఒకరికొకరు జతకూడారు. ఓరెగన్ రాష్ట్రంలో థామస్ డిషియన్ అనే మనస్తత్వవేత్త కూడా తన కార్యక్రమంలో అదే చూశారు. కుర్రాళ్ళను గుంపుగా కూర్చోబెట్టి మంచి చెబితే వాళ్ళలో పొగతాగడం, అల్లరి తగ్గకపోగా పెరిగాయి. కుర్రాళ్ళ మాటలను వీడియో తీసి చూస్తే సంగతి అర్థమైంది. తప్పు పని గురించి ఒకడు గొప్పగా చెప్పుకుంటే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆ నవ్వే వాడికి బహుమానం. 1999లో డిషియన్, మెకార్డ్, పూలాన్ అనే మరో పరిశోధకుడు కలిసి ఈ సంగతిని ఒకే వ్యాసంలో లోకం ముందు పెట్టారు.

క్యాంపులో కొన్ని వారాలు కలిసుంటేనే ఇలా అయితే, ఏళ్ళ తరబడి ఒకే గోడల మధ్య ఉంచితే?

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం నడిపిన మొదటి రిఫార్మ్ స్కూలు, అంటే దారి తప్పిన పిల్లలను నిర్బంధంలో ఉంచే బడి, మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరోలో ఉన్న లైమన్ స్కూలు. 1847లో పుట్టింది. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అక్కడ పిల్లలకు గుండు గీయించడం, నోరెత్తకుండా వరసల్లో నడిపించడం, కొట్టడం సాగుతూనే ఉన్నాయి. 1969లో ఆ రాష్ట్ర యువజన సేవల శాఖ కమిషనర్‌గా వచ్చిన జెరోమ్ మిల్లర్ ముందు ఆ స్కూళ్ళను మంచిగా మార్చాలనే చూశారు. జుట్టు పెంచుకోనిచ్చారు, మౌనపు వరసలు మాన్పించారు, దెబ్బలు ఆపమన్నారు. సిబ్బంది మొండికేశారు. ఒకచోట మార్పు తెస్తే మరోచోట పాతది తిరిగి తలెత్తేది. రెండేళ్ళ పెనుగులాట తర్వాత, ఇవి బాగుపడే చోట్లు కావని ఆయన నిశ్చయించుకున్నారు.

1972 జనవరిలో ఒకరోజు లైమన్ స్కూలు ముందుకు కార్ల వరస వచ్చి ఆగింది. మిగిలిన కుర్రాళ్ళను ఎక్కించుకుని తిన్నగా ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళారు. దాదాపు వంద మంది పిల్లలు ఒక నెల రోజులు కాలేజీ హాస్టళ్ళలో ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో విద్యార్థి తోడు. ఈలోగా ఎవరిని ఇంటికి పంపాలో, ఎవరికి పెంపుడు కుటుంబం వెతకాలో అధికారులు చూసుకున్నారు. ఊరంతా నేరాలతో అట్టుడికిపోతుందని భయపడినవాళ్ళ మాట నిజం కాలేదు. హార్వర్డ్ పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించి, ఊళ్ళో రకరకాల సేవలు బాగా ఏర్పాటు చేసిన ప్రాంతాల్లో పిల్లలు మెరుగయ్యారని, ఏర్పాట్లు నామమాత్రంగా ఉన్నచోట కాలేదని తేల్చారు. మిల్లర్ చేసిన సాహసానికి నేను తలవంచుతాను. అయితే తలుపులు తెరవడంతో సగం పనే అయింది. ఇంటికి వచ్చిన పిల్లవాడితో ఏం చేయాలన్న ప్రశ్నకు అప్పటికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

పైగా 1974లో రాబర్ట్ మార్టిన్సన్ అనే పరిశోధకుడు 231 అధ్యయనాలను పరిశీలించి రాసిన వ్యాసం పిడుగులా పడింది. నేరస్థులను మార్చే పద్ధతుల్లో కచ్చితంగా పనిచేస్తుందని చెప్పదగ్గది ఏదీ కనిపించడం లేదన్నది దాని సారాంశం. ‘ఏదీ పనిచేయదు’ అన్న ముక్క రాజకీయ నాయకుల నోట నినాదమైపోయింది. ఐదేళ్ళకు మార్టిన్సన్ తన మాటను తానే సవరించుకున్నా వినేవారు లేకపోయారు.

కానీ ఆ పిడుగు పడటానికి ఏడాది ముందే, 1973లో, యూటా విశ్వవిద్యాలయం నుంచి ఒక చిన్న పరిశోధనా పత్రం వెలువడింది. రాసినవారు జేమ్స్ అలెగ్జాండర్, బ్రూస్ పార్సన్స్. ఇంట్లోంచి పారిపోవడం, బడి ఎగ్గొట్టడం, చిల్లర దొంగతనం వంటి కేసుల్లో కోర్టు గుమ్మం ఎక్కిన 13 నుంచి 16 ఏళ్ళ పిల్లల కుటుంబాలు 86 తీసుకున్నారు. పిల్లవాడి మనసులో ఏముందని తవ్వడం మానేసి, ఆ ఇంట్లో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో గమనించారు. గొడవలున్న ఇళ్ళలో మాటకు మాట అడ్డు, నింద, ఎదురునింద. సమాధానం కోసం అడిగే ప్రశ్న లేదు, చివరిదాకా వినే చెవి లేదు. అందుకని ఆ కుటుంబాల్లో కొన్నింటికి, కొన్ని వారాల్లోనే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి బేరసారాలు నేర్పారు. నువ్వు పదింటికి ఇంటికొస్తే నేను ఇది ఒప్పుకుంటాను, అడగదలచుకున్నది తిట్టకుండా అడుగుతాను, ఇలాంటివి. ఆ తర్వాత మళ్ళీ కేసుల్లో ఇరుక్కున్నది 26 శాతం. ఏ చికిత్సా లేనివాళ్ళలో 50 శాతం. మనసు లోతులు తవ్వే పాత పద్ధతిలో చికిత్స పొందినవాళ్ళలో అయితే 73 శాతం!

అసలు విశేషం నాలుగేళ్ళ తర్వాత బయటపడింది. ఆ పిల్లల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏమయ్యారో చూద్దామన్న ఆలోచన పరిశోధకులకు వచ్చింది. కొత్త పద్ధతి అందిన ఇళ్ళలో తోబుట్టువుల్లో 20 శాతం మందే కోర్టు దాకా వెళ్ళారు. ఏమీ అందని ఇళ్ళలో అది 40 శాతం. ఆ తోబుట్టువులు ఎవరికీ రోగులు కారు, వాళ్ళ మీద ఫైలు లేదు. ఒక పిల్లవాడి కోసం వెళితే ఇల్లే మారిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలియదు.

ఇంటికి ఇంకా దగ్గరగా వెళ్ళిన మనిషి స్కాట్ హెంగెలర్. 1970ల మధ్యలో వర్జీనియాలో మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందుతూ, ఎవరికీ లొంగని కుర్రాళ్ళ కేసులు చూసేవారు. క్లినిక్ గదిలో కూర్చుని జాగ్రత్తగా ప్రణాళికలు రాసేవారు. పిల్లలు మారేవాళ్ళు కాదు. ఉన్నట్టుండి ఒకరోజు, వీళ్ళ ఇంటికే వెళ్ళి చూస్తే పోలా అనిపించింది. గుమ్మంలో అడుగుపెట్టిన కొన్ని క్షణాల్లోనే, తాను తీర్చిదిద్దిన ప్రణాళికలన్నీ ఆ ఇంట్లో ఎందుకూ కొరగావని అర్థమైపోయిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ కొద్ది క్షణాల నుంచే బహుళ వ్యవస్థల చికిత్స పుట్టింది. పేరు గంభీరంగా ఉన్నా విషయం సులువే. పిల్లవాడు ఒంటరిగా లేడు, ఇల్లు, బడి, స్నేహితులు, పేట, ఇన్నింటి మధ్య ఉన్నాడు. పట్టుకోవాల్సింది వాటన్నిటినీ.

ఆ పని దగ్గరినుంచి ఎలా ఉంటుందో చెబుతాను. ఒక కౌన్సెలర్‌కు నాలుగైదు కుటుంబాలే ఉంటాయి. ఫోను రాత్రీపగలూ పనిచేస్తుంది. తల్లి డ్యూటీ దిగి వచ్చేది రాత్రి ఎనిమిదింటికైతే కౌన్సెలర్ వచ్చేదీ ఎనిమిదింటికే, వంటగది బల్ల దగ్గరికే. తెల్లకాగితం మీద ఒక సున్నా చుట్టి, మధ్యలో సమస్య రాస్తారు. ‘రాత్రి పదకొండు దాటినా ఇంటికి రాడు.’ దాని చుట్టూ చిన్న చిన్న సున్నాలు. తల్లికి వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. బడికి రాలేదని చెప్పే ఫోను ఎవరూ ఎత్తరు. పక్క వీధిలో పెద్ద వయసు స్నేహితుడు. కోప్పడితే కొడుకు తలుపు విసిరి వెళ్ళిపోతాడని తల్లి భయం. ఒక్కొక్క సున్నా నుంచి నడిమి సున్నాకు ఒక బాణం. ఈ వారం ఏ బాణాన్ని తెంపుదాం అన్నదే ప్రశ్న. డ్యూటీ ఉన్న రాత్రులు పిన్ని వచ్చి పడుకోగలదా? బడివాళ్ళు పిన్ని నంబరుకు ఫోన్ చేస్తారా? వచ్చే వారం ఆ బాణం తెగిందో లేదో చూస్తారు. తెగకపోతే తల్లి మాట వినలేదని రాసుకోవడం ఉండదు, తాము వేసిన ఎత్తులో లోపం ఎక్కడుందో వెతుక్కుంటారు. నాలుగైదు నెలల్లో కౌన్సెలర్ తప్పుకుంటారు, పగ్గాలు తల్లి చేతిలోనే ఉంటాయి.

హెంగెలర్ మెంఫిస్‌లో ఈ పద్ధతిని మెరుగుపెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన చార్లెస్ బోర్డుయిన్ మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా ఊళ్ళో 176 మంది పిల్లలతో పెద్ద పరీక్ష పెట్టారు. సగం మందికి ఈ పద్ధతి, సగం మందికి మామూలు ఒంటరి కౌన్సెలింగ్. నాలుగేళ్ళకు ఇటువైపు మళ్ళీ అరెస్టయినవారు 26 శాతం, అటువైపు 71 శాతం. దాదాపు ఇరవై రెండేళ్ళ తర్వాత, ఆ కుర్రాళ్ళు నడివయసుకు చేరుతున్నప్పుడు, 2011లో ప్రచురించిన లెక్కలో కూడా తేడా నిలిచే ఉంది. పెద్ద నేరాలకు అరెస్టయినవారు ఒకవైపు 35 శాతం, మరోవైపు 55 శాతం. క్యాబట్ ఎగరేసిన నాణెం నుంచి మెకార్డ్ పట్టుదల దాకా నేర్పిన పాఠాన్ని వీళ్ళు పాటించారు. పోల్చారు, ఏళ్ళ తరబడి ఆగి మళ్ళీ లెక్కపెట్టారు.

దక్షిణ కరోలినాలోని సింప్సన్‌విల్‌లో జరిగిన పరీక్ష ఇంకా కఠినమైనది. అక్కడి 84 మంది పిల్లలూ ఇల్లు వదిలి సంస్థకు పోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళే. సగటు వయసు పదిహేను, అప్పటికే సగటున మూడు నాలుగు అరెస్టులు. పనిచేసింది ముగ్గురే కౌన్సెలర్లు. 59 వారాల తర్వాత చూస్తే ఈ పద్ధతి అందిన పిల్లలు సగటున ఆరు వారాలు నిర్బంధంలో గడిపితే, మామూలు సేవలు అందినవారు పదహారు వారాలు గడిపారు. ఒక పిల్లవాడి ఏడాది జీవితంలో పది వారాలు ఇంట్లో, సొంత పక్క మీద నిద్రపోవడమంటే మాటలా! 1992లో ఈ ఫలితం వెలువడ్డాక ఎన్నో రాష్ట్రాలు తమకూ కావాలని ముందుకొచ్చాయి.

అక్కడే మరో దెబ్బ తగిలింది. అదే రాష్ట్రంలో మరో రెండుచోట్ల, నిపుణులు ప్రతివారం కూర్చుని కౌన్సెలర్ల పనిని సమీక్షించే ఏర్పాటు లేకుండా నడిపిస్తే అరెస్టులు ఆశించినంతగా తగ్గలేదు. కుటుంబాలనే అడిగి లెక్క తీస్తే, పద్ధతి ప్రకారం జరిగిన ఇళ్ళలో ఫలితం ఉంది, తూతూమంత్రంగా సాగిన ఇళ్ళలో లేదు. వాషింగ్టన్ రాష్ట్రం అలెగ్జాండర్, పార్సన్స్‌ల యూటా పద్ధతిని రాష్ట్రమంతా అమలుచేసి 2004లో లెక్క చూసుకుంటే అదే తేలింది. సమర్థులైన కౌన్సెలర్ల చేతిలో పెద్ద నేరాలు 38 శాతం తగ్గాయి, సమర్థత లేని చోట తగ్గకపోగా కాస్త పెరిగాయి. ప్రతినెలా మూడో మనిషి ఒకరు తల్లికి ఫోన్ చేసి, కౌన్సెలర్ ఏం చేశారు, మీ మాట విన్నారా అని అడిగి రాసుకోవడం హెంగెలర్ పద్ధతిలో భాగమైంది.

విజయగాథ ఇక్కడితో ఆపేస్తే చదవడానికి బాగుంటుంది, కానీ నిజాయితీ కాదు. స్వీడన్‌లో జరిగిన పరీక్షలో ఈ పద్ధతికి అక్కడి మామూలు సేవల కన్నా ఎక్కువ ఫలితం రాలేదు. ఇంగ్లండులో 684 కుటుంబాలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. పిల్లలు ఇల్లు విడిచి పోకుండా ఆపడంలో మామూలు సేవలకూ దీనికీ తేడా తేలలేదు. కౌన్సెలింగ్ వృథా అని దీనర్థం కాదని నా అభిప్రాయం. ఆ దేశాల్లో మామూలుగా అందే సేవలే అమెరికా కోర్టుల కన్నా చాలా మెరుగు. పోల్చిన రెండో వైపు కూడా ఇంటికి దగ్గరగా ఉన్నప్పుడు తేడా చిన్నదవుతుంది. అసలు ఏ సేవా లేని చోట్లలోనే దీని అవసరం ఎక్కువ.

మన దేశం సంగతికొద్దాం. 2015 నాటి బాల న్యాయ చట్టం, పిల్లలను సంస్థలో ఉంచడం అన్నిటికన్నా చివరి మార్గం కావాలని మూడో సెక్షన్‌లోనే రాసింది. జువెనైల్ జస్టిస్ బోర్డు ఇవ్వదగిన ఉత్తర్వులు పద్దెనిమిదో సెక్షన్‌లో ఉన్నాయి. పిల్లవాడికీ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపడం అందులో మొదటిది, గరిష్ఠంగా మూడేళ్ళు స్పెషల్ హోంకు పంపడం చివరిది. పదహారేళ్ళు నిండినవారి ఘోర నేరాలకు దారి వేరే ఉంది. మిగతా పిల్లలందరి విషయంలో చట్టం ఇంటివైపే చూపిస్తోంది. అదే సెక్షన్‌లో రెండోది గుంపు కౌన్సెలింగ్. డిషియన్ వీడియోలు తెలిసినవాళ్ళు, ఆ గుంపును ఎవరు నడుపుతున్నారు, అందులో ఎవరెవరున్నారు అని అడిగాకే ఆ ఉత్తర్వు రాయాలి.

ప్రతి బోర్డులోనూ ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమం విషయాల్లో కనీసం ఏడేళ్ళు పనిచేసినవారు దానికి అర్హులు. ఈ వ్యాసం చదువుతున్న ఉపాధ్యాయుల్లో, అంగన్‌వాడీల్లో, నర్సుల్లో అలాంటివారు తప్పక ఉంటారు. మీ జిల్లాలో నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు చేయండి. బోర్డులో కూర్చున్న రోజు, ప్రొబేషన్ అధికారి తెచ్చిన నివేదిక మీ ముందు పెట్టినప్పుడు, ఈ పిల్లవాడి ఇంటికి వెళ్ళి చూశారా, వాళ్ళమ్మతో ఏ వేళప్పుడు మాట్లాడారు అని అడగండి.